గ్రావిమీటర్‌కు వేడి తెలియదు: అగ్నిపర్వత ప్రాంతాల్లో జియోథర్మల్ అన్వేషణ

(జియోఫిజిక్స్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మొదట్లోనే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. గ్రావిమీటర్‌కు, అంటే గ్రావిటీని (భూమి ఆకర్షణని) కొలిచే పెట్టెకు, వేడి తెలియదు. ఆవిరి తెలియదు, నీళ్ళు తెలియవు. దానికి తెలిసింది ఒక్కటే: కింద ఎంత బరువుంది, ఎంత దూరంలో ఉంది. అంతే. మరి కరెంటు కోసం భూమి లోపలి వేడిని వెతికే జియోథర్మల్ వాళ్ళు ఈ పెట్టెను భుజాన వేసుకుని అగ్నిపర్వతం ఎందుకెక్కుతున్నారు?

వేడెక్కితే రాయి వ్యాకోచిస్తుంది కదా, సాంద్రత తగ్గుతుంది కదా, అది దొరకదా అని మీలో కొందరికి తట్టే ఉంటుంది. లెక్క వేద్దాం. రాతి ఘనపరిమాణ వ్యాకోచం డిగ్రీకి సుమారు లక్షలో 3 వంతులు. 300 డిగ్రీలు పెరిగితే ఒక శాతం. అంటే సాంద్రత ఘన సెంటీమీటరుకి 2.65 గ్రాములు ఉన్న రాయి 2.63 దగ్గరికి వస్తుంది. ఒక శాతం! ఒకే కొండలో రెండు లావా పొరల మధ్య ఇంతకు పది రెట్ల తేడా ఉంటుంది. కాబట్టి నేరుగా వేడిని పట్టుకుందాం అనే ఆశ ఇక్కడితో వదిలేయండి.

మనం పట్టుకునేది వేడి చేసిన పనిని, వేడిని మోసుకొచ్చిన వస్తువుని. కింద గ్యాబ్రో లాంటి చొరబాటు శిల, అంటే పైపొరల్లోకి చొచ్చుకొచ్చిన మాగ్మా, గడ్డకట్టి కూర్చుంటే దాని సాంద్రత 2.9, 3.0 ఉంటుంది. చుట్టూ ఉన్న బూడిద, ప్యూమిస్ (నురుగులాంటి తేలిక రాయి), టఫ్ (గట్టిపడిన బూడిద) 1.5 నుంచి 2.2 మధ్య ఉంటాయి. అక్కడ గ్రావిటీ పెరుగుతుంది. వేడినీళ్ళు వేల ఏళ్ళు పారితే రాతి రంధ్రాల్లో సిలికా, కాల్సైట్, ఎపిడోట్ పేరుకుంటాయి, రాయి బరువెక్కుతుంది. మళ్ళీ పెరుగుదలే. పైపొరల్లో అదే వేడినీళ్ళు రాతిని మెత్తటి బంకమట్టిగా మార్చేస్తే సాంద్రత తగ్గుతుంది. రంధ్రాల్లో నీటికి బదులు ఆవిరి నిండినా తగ్గుతుంది. 10 శాతం రంధ్రాలున్న రాయిలో ఆ తేడా 0.08 దాకా వస్తుంది. కింద ఇంకా గడ్డకట్టని రయొలైట్ మాగ్మా ఉంటే, అదీ తగ్గుదలే.

ఇప్పుడు నన్నడగండి, జియోథర్మల్ క్షేత్రం మీద గ్రావిటీ ఎక్కువ ఉంటుందా, తక్కువ ఉంటుందా? రెండూ ఉంటాయి. కాలిఫోర్నియాలోనే రెండు ఉదాహరణలున్నాయి. దక్షిణాన సాల్టన్ సీ క్షేత్రం మీద గ్రావిటీ ఎక్కువ. అక్కడి ఇసుక, మట్టి పొరలు వేడి ఉప్పునీటిలో ఉడికి గట్టిపడ్డాయి, వాటిలోకి బరువైన చొరబాట్లు కూడా వచ్చాయి. ఉత్తరాన గైజర్స్, క్లియర్ లేక్ ప్రాంతానికి వెళ్ళండి. మౌంట్ హానా చుట్టూ సుమారు 25 మిల్లీగాల్ గుండ్రటి తగ్గుదల ఉంది (మిల్లీగాల్ గ్రావిటీకి కొలమానం, భూమి గ్రావిటీలో సుమారు పది లక్షల్లో ఒక వంతు). ఒకచోట పెరుగుదల, ఒకచోట తగ్గుదల, రెండుచోట్లా కరెంటు తీస్తున్నారు. అందుకే మ్యాపు మీద ఎర్రగా ఉందనో నీలంగా ఉందనో బోరు పాయింటు పెట్టేవాళ్ళని చూస్తే భయమేస్తుంది.

ఆ గైజర్స్ కథ కాస్త ఆగి చూడాలి. 1970ల్లో అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు ఆ తగ్గుదలను ఒక పెద్ద మాగ్మా గదిగా మోడల్ చేశారు. గోళం అనుకున్నారు, వ్యాసం 14 కిలోమీటర్ల వరకు, కేంద్రం 13 కిలోమీటర్ల పైచిలుకు లోతున. లెక్క సరిపోయింది. తర్వాతి కాలంలో భూకంప తరంగాల డేటా, మాగ్నెటోటెల్యూరిక్ డేటా (కింది శిలలు కరెంటుని ఎంత పోనిస్తాయో చెప్పేది) వచ్చాక ఆ తగ్గుదలలో చాలా భాగాన్ని పైనున్న శిలలతోనే వివరించవచ్చని తేలింది. పాత లెక్క తప్పా? కాదండీ, లెక్క ఒప్పే. ఒకే గ్రావిటీ వంపుకి ఎన్నో ఒప్పు లెక్కలుంటాయి, అదీ చిక్కు.

కావాలంటే ఇక్కడే చేసి చూపిస్తాను, రాసుకోండి. ఒక కిలోమీటరు వ్యాసార్ధం ఉన్న గోళం, చుట్టుపక్కల రాతికన్నా 0.3 ఎక్కువ సాంద్రత, కేంద్రం 3 కిలోమీటర్ల లోతు. సరిగ్గా నెత్తిన నిలబడితే ఎంత వస్తుంది? 0.93 మిల్లీగాల్. ఇప్పుడు సాంద్రత తేడాని సగం చేయండి, 0.15. వ్యాసార్ధం 1.26 కిలోమీటర్లు చేయండి. ఎంత వచ్చింది? అదే 0.93. నేల మీద ఎక్కడ నిలబడి కొలిచినా రెండూ ఒకటే, ఏ గ్రావిమీటరూ తేడా చెప్పలేదు. వంపు వెడల్పుని బట్టి లోతు కొంత చెప్పగలం. గోళానికైతే, గరిష్ఠ విలువ సగానికి తగ్గే దూరాన్ని 1.3తో గుణిస్తే కేంద్రం లోతు. అది కూడా గోళమే అయితే!

ఈ 0.93 అనే అంకెని మనసులో పెట్టుకోండి. ఇక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు, భూమి గ్రావిటీ సుమారు 9 లక్షల 80 వేల మిల్లీగాల్. అంత మొత్తం రూపాయల లెక్కలో ఒక్క రూపాయి తేడా పట్టుకోవడం మన పని. మిగతా తేడాల్లో చాలావరకు ఆ రూపాయికంటే పెద్దవి.

వాటిలో అన్నిటికంటే పెద్ద దొంగ ఎత్తు. ఒక మీటరు పైకెక్కితే గ్రావిటీ 0.3086 మిల్లీగాల్ తగ్గుతుంది, ఆ మీటరు మందం రాయి 2.67 సాంద్రతతో 0.112 తిరిగి ఇస్తుంది. నికరంగా 0.197. అంటే ఎత్తులో 5 మీటర్ల తప్పు చేస్తే ఎంత? 0.98. మన గోళం మొత్తం 0.93! చేతిలో పట్టుకునే మామూలు జీపీఎస్ నిలువు తప్పు 5 మీటర్లు సులువుగా ఉంటుంది. ఫోన్ గురించి అడగొద్దు. ఆ ఎత్తులతో సర్వే చేస్తే చొరబాటు శిల ఉన్నచోట మాయమవుతుంది, లేనిచోట పుడుతుంది. 5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి, అప్పుడు తప్పు 0.01 మిల్లీగాల్‌కి వస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీల డిఫరెన్షియల్ జీపీఎస్, ఒకటి బేస్ (రోజూ తిరిగి వచ్చే స్థిరమైన చోటు) మీద, ఒకటి స్టేషన్ (కొలిచే చోటు) మీద. దూరాన్ని బట్టి 10, 20 నిమిషాలు, ఆకాశం తెరిచి ఉన్నచోట. చెట్ల కింద తొందరపడితే ఆ సెంటీమీటర్లు మళ్ళీ మీటర్లవుతాయి.

ఇంకో చిన్న విషయం, కానీ బాగా ముంచుతుంది. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమికి గణితం ఇచ్చిన నున్నటి ఆకారం నుంచి ఎత్తు. పాత టోపో మ్యాపు ఇచ్చేది సముద్రమట్టం ఎత్తు. మన దక్షిణ భారతంలో ఈ రెంటికీ తేడా 70 నుంచి 100 మీటర్ల దాకా ఉంటుంది. చిన్న ప్రాంతంలో అంతా ఒకే రకం ఎత్తు వాడితే పెద్ద ఇబ్బంది లేదు, తేడా దాదాపు స్థిరం కాబట్టి. పాత డేటాని కొత్త డేటాని ఒకే ఫైల్లో కలిపినప్పుడే కొంప మునిగేది.

అక్షాంశం విషయానికొస్తే, క్లియర్ లేక్ దగ్గర ఉత్తరానికి ఒక కిలోమీటరు జరిగితే 0.79 మిల్లీగాల్ మారుతుంది. కెన్యాలోని మెనెంగాయ్ అగ్నిపర్వతం భూమధ్యరేఖ పక్కనే ఉంది, అక్కడ ఈ మార్పు దాదాపు సున్నా. ఇది ఫార్ములా చూసుకుంటుంది, దీని మీద సమయం పెట్టను.

ఇక ఫీల్డు. ఇప్పుడు ఎక్కువమంది చేతిలో ఉండే గ్రావిమీటర్ సింట్రెక్స్ కంపెనీ సీజీ-5 గానీ సీజీ-6 గానీ. లోపల క్వార్ట్జ్ స్ప్రింగ్, దాన్ని ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచే చిన్న ఓవెన్. బ్యాటరీ పూర్తిగా అయిపోయిందనుకోండి, ఓవెన్ చల్లబడుతుంది. మళ్ళీ కరెంటు ఇచ్చాక స్ప్రింగ్ స్థిరపడటానికి రెండు రోజులు పట్టవచ్చు. స్క్రీన్ వెలిగింది కదా అని పనికి బయలుదేరకండి. రాత్రిళ్ళు చార్జింగులో ఉంచండి, రెండో బ్యాటరీ వెంట ఉంచండి. జీపులో పడుకోబెట్టి తేకండి, ఎప్పుడూ నిలువుగా, కింద మెత్తటి ఫోమ్. ఒరిగిన స్ప్రింగ్ నిలబెట్టిన వెంటనే పాత స్థితికి రాదు, కాసేపు పాకుతూ ఉంటుంది. ఆ సమయంలో తీసిన రీడింగు అందంగానే కనపడుతుంది, తప్పుగా ఉంటుంది.

స్టేషన్ దగ్గర ట్రైపాడ్‌ని గట్టి నేల మీద నొక్కి పెట్టాలి. అగ్నిపర్వతం మీద గట్టి నేల ఎక్కడ దొరుకుతుందండీ? ప్యూమిస్ మీద కాళ్ళు దిగబడతాయి. 60 సెకన్ల రీడింగు జరుగుతుండగా పెట్టె ఒక పక్కకు ఒరుగుతుంది. పెట్టె ఒరుగు పది ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) లోపల ఉండాలి, ప్రతి రీడింగు తర్వాత ఆ అంకె చూడండి. కనీసం మూడు రీడింగులు. ఒకదానికొకటి 5 మైక్రోగాల్ (మిల్లీగాల్‌లో వెయ్యో వంతు మైక్రోగాల్) లోపల ఉంటే లేవండి, లేకపోతే ఇంకో మూడు తీయండి. గాలి వీస్తుంటే గొడుగు అడ్డం పెట్టండి. రీడింగు తీసేటప్పుడు పక్కన నడవకండి, పరికరం చుట్టూ మూగకండి. సెన్సర్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాయండి. 10 సెంటీమీటర్లు మరిచిపోతే 30 మైక్రోగాల్ పోయినట్టే.

ఆవిరి బుగ్గల దగ్గర ఇంకో రెండు మాటలు. అక్కడ నేల నిరంతరం వణుకుతుంది, లోపల నీళ్ళు మరుగుతున్నాయి కదా. రీడింగుల చెల్లాచెదురు పెరుగుతుంది. ఓపిక ఉంటే ఎక్కువ సేపు కూర్చోండి, లేకపోతే స్టేషన్‌ను యాభై, వంద మీటర్లు పక్కకు జరపండి, తప్పేమీ లేదు. రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ వాయువు గాలికంటే బరువు, గుంటల్లో నిలిచి ఉంటుంది. ముందు కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. గాఢత 100 పీపీఎం దాటాక ముక్కు మొద్దుబారుతుంది, వాసన పోతుంది. వాసన పోయిందంటే గాలి బాగైందని కాదు! డిటెక్టర్ జేబుకి తగిలించుకోకుండా గుంటలోకి దిగకండి.

రోజు పని లూపుగా ఉండాలి. బేస్ దగ్గర మొదలు, నాలుగైదు స్టేషన్లు, రెండు మూడు గంటల్లో మళ్ళీ బేస్. ఎందుకు? పరికరం డ్రిఫ్ట్ అవుతుంది, అంటే ఒకేచోట ఉంచినా రీడింగు మెల్లగా జరుగుతూ ఉంటుంది. బేస్ రీడింగుల మధ్య డ్రిఫ్ట్ సరళరేఖలా ఉందనుకుని పంచుతాం. ఎనిమిది గంటలు తిరిగి సాయంత్రం వస్తే ఆ ఊహ నిలబడదు. మధ్యలో ఎక్కడ గుంతలో జీపు ఎగిరిందో, ఎక్కడ స్ప్రింగ్ ఒక్కసారిగా దూకిందో తెలియదు. పదింట ఒక స్టేషన్ అయినా వేరే రోజు మళ్ళీ కొలవండి. రిపోర్టులో మీ తప్పు ఎంతో చెప్పాల్సింది ఆ రెండో కొలత, పరికరం కంపెనీ బ్రోచర్ కాదు.

చంద్రుడు, సూర్యుడు లాగడం వల్ల రోజులో 0.2, 0.3 మిల్లీగాల్ దాకా మార్పు వస్తుంది. పరికరమే దాన్ని సరిచేస్తుంది. కానీ దానికి మీరు ప్రాంతం, సమయం సరిగ్గా చెప్పాలి. మన దగ్గర సెట్ చేసిన, గ్రీన్‌విచ్ సమయం నుంచి ఐదున్నర గంటల తేడాతోనే కెన్యాలో పని మొదలుపెడితే ఏమవుతుంది? అక్కడి తేడా మూడు గంటలు. టైడ్ కరెక్షన్ (చంద్రుడు, సూర్యుడి లాగుడుకి సవరణ) తప్పిపోతుంది, డ్రిఫ్ట్ వింతగా వంకర తిరుగుతుంది, తప్పు పరికరం మీద తోస్తారు. మొదటి రోజు సాయంత్రమే ఆ ఒక్క సెట్టింగూ చూసుకోండి.

కొండే శత్రువు

ఇప్పుడు అగ్నిపర్వత ప్రాంతాలకే ప్రత్యేకమైన రెండు తలనొప్పులు. మైదానంలో సర్వే చేసినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

మొదటిది టెర్రైన్, అంటే చుట్టూ ఉన్న నేల ఎత్తుపల్లాలు. పక్కన కొండ ఉంటే అది మనల్ని పైకి లాగుతుంది, గ్రావిటీ తగ్గుతుంది. పక్కన లోయ ఉంటే? అక్కడ ఉండాల్సిన రాయి లేదు, అప్పుడూ తగ్గుతుంది. రెంటికీ కరెక్షన్ కలపాల్సిందే. ఎంత? కాల్డెరా (అగ్నిపర్వతం కొన కూలి ఏర్పడిన పెద్ద గుంట) అంచున 100 మీటర్ల నిట్టనిలువు గోడ కొన మీద నిలబడ్డారనుకోండి. సాంద్రత 2.67 అయితే ఆ ఒక్క గోడ ప్రభావం 5.6 మిల్లీగాల్. అంచు నుంచి 100 మీటర్లు వెనక్కి రండి, 1.6కి పడిపోతుంది. మనం వెతికే శిలది 0.93 అన్న సంగతి మరిచిపోలేదు కదా? దృశ్యం బాగుంటుందని అంచు మీద స్టేషన్ పెట్టకండి. ఫొటో వేరే తీసుకోవచ్చు.

30 మీటర్ల గ్రిడ్ ఉన్న ఉపగ్రహ ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది, దూరపు కొండలకు అది చాలు. కానీ స్టేషన్ చుట్టూ మొదటి 50 మీటర్లు దానికి తెలియవు. ఒక గడిలో సగం గోడ, సగం గుంట ఉంటే అది సగటు ఇస్తుంది. పైగా అడవి ఉంటే చెట్ల కొనల దగ్గరి ఎత్తు ఇస్తుంది. అందుకే 1939 నాటి హామర్ పద్ధతి ఇంకా చావలేదు. స్టేషన్ చుట్టూ 2 నుంచి 16.6 మీటర్ల వలయం నాలుగు ముక్కలు, 16.6 నుంచి 53.3 మీటర్ల వలయం ఆరు ముక్కలు. ఒక్కో ముక్క స్టేషన్‌కంటే సగటున ఎన్ని మీటర్ల పైన, ఎన్ని మీటర్ల కింద ఉందో వాలు కొలిచే క్లైనోమీటర్‌తో చూసి నోట్‌బుక్కులో రాయండి. మూడు నిమిషాల పని. ఆఫీసుకి వచ్చాక ఏ సాఫ్ట్‌వేరూ ఆ అంకెల్ని పుట్టించలేదు. డ్రోన్ ఉంటే ఇంకా మంచిది.

రెండోది సాంద్రత. 2.67 అనే అంకె అందరి నోటా ఉంటుంది. హైదరాబాద్ ఎన్జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళ దేశవ్యాప్త గ్రావిటీ మ్యాపుల్లాంటి వాటికి ఒకే అంకె వాడక తప్పదు, అది గ్రానైట్ లాంటి స్ఫటిక శిలలకు సరిపోయే అంకె. ప్యూమిస్, బూడిద, ట్రాకైట్ లావా కలిసిన కొండకి 2.67 వాడితే ఏమవుతుంది? కొండకి లేని బరువు తీసేస్తారు. మ్యాపులో కొండ ఉన్నచోటల్లా తగ్గుదల, లోయ ఉన్నచోటల్లా పెరుగుదల. అంటే మీ బూగే మ్యాపు (ఎత్తు, కొండల ప్రభావం తీసేశాక మిగిలిన గ్రావిటీ మ్యాపు) టోపో మ్యాపుకి తలకిందుల కాపీ అన్నమాట. దాన్ని పట్టుకుని మాగ్మా గది అన్నవాళ్ళున్నారు.

మరి సరైన సాంద్రత ఎలా? నెటిల్టన్ పద్ధతి మీకు తెలుసు. ఒక కొండ మీదుగా ప్రొఫైల్ తీసుకుని 2.0 నుంచి 2.8 దాకా 0.1 చొప్పున మార్చి లెక్కగడతాం. కొండ ఆకారం ఏ అంకె దగ్గర వంపులో మాయమైతే అదే సాంద్రత. చాలా మంచి పద్ధతి, ఒక్క షరతు మీద: కొండ ఆకారానికీ లోపలి నిర్మాణానికీ సంబంధం ఉండకూడదు. అగ్నిపర్వత శంఖువులో ఏముంటుంది? నడిమధ్య మాగ్మా గడ్డకట్టిన బరువైన గొంతు! సరిగ్గా కొండ కొన కిందే. ఆ ప్రొఫైల్‌తో వచ్చే సాంద్రత తప్పే. శంఖువు వదిలేసి, కోతతో ఏర్పడిన గట్టునో, కాల్డెరా బయట లావా చీలికల మధ్య వాగునో ఎంచుకోండి. పాత బోరు కోర్లు ఉంటే నీళ్ళలో నానబెట్టి తడి సాంద్రత కొలవండి. ఎండు రాయి సాంద్రత భూగర్భ జలం కింద పనికిరాదు.

మ్యాపు చేతికొచ్చాక

స్టేషన్ల మధ్య దూరం ముందే అనుకుని ఉండాలి. ప్రాంతమంతా చూడటానికి ఒకటి రెండు కిలోమీటర్లు, బోరు వేయబోయే చోట 250 నుంచి 500 మీటర్లు. ఇంకో మాట, సర్వే క్షేత్రం అంచుల దగ్గర ఆగకూడదు, బయటికి కనీసం వెతుకుతున్న లోతుకి మూడు నాలుగు రెట్లు వెళ్ళాలి. ఎందుకంటే ముందు ప్రాంతీయ వంపుని, అంటే చుట్టుపక్కల పెద్ద నిర్మాణాల వల్ల వచ్చే వెడల్పాటి మార్పుని, తీసేయాలి, అంచులు లేకుండా దాన్ని ఎక్కడి నుంచి తీస్తారు?

కెన్యా రిఫ్ట్ (భూమి పైపొర విడిపోతున్న పొడవాటి లోయ) చూడండి. మొత్తం రిఫ్ట్ మీద వెడల్పాటి తగ్గుదల, దాని నడుమ పొడవునా ఒక పెరుగుదల. మెనెంగాయ్ కాల్డెరా ఆ పెరుగుదల మీదే కూర్చుంది. కాల్డెరా మధ్యలో కనపడే గ్రావిటీలో రిఫ్ట్ వాటా ఎంత, కాల్డెరా సొంతం ఎంత? ప్రాంతీయ వంపుకి రెండో డిగ్రీ పాలినామియల్ (బహుపది) అమర్చి తీసేస్తే ఒక జవాబు, మూడో డిగ్రీ తీసేస్తే ఇంకో జవాబు. రెండూ చేసి, పైకి ఎత్తి లెక్కగట్టే అప్‌వర్డ్ కంటిన్యుయేషన్ కూడా చేసి, మూడింటిలోనూ నిలిచిన దాన్నే నమ్మండి. మెనెంగాయ్‌లో కాల్డెరా నడిమి పెరుగుదల నిలిచింది. 2011లో డ్రిల్లింగ్ మొదలయ్యాక, సుమారు 2 కిలోమీటర్ల లోతున కొన్ని బావుల్లో సయనైట్ అనే గడ్డకట్టిన చొరబాటు శిల, దానితోపాటు చల్లబడిన మాగ్మా గాజు ముక్కలు పైకొచ్చాయి. చూశారా, కరిగిన మాగ్మా ఉంది, అయినా గ్రావిటీ పెరుగుదలే. కరిగింది కొంచెం, గడ్డకట్టింది ఎక్కువ, గ్రావిటీకి మొత్తం కలిపే తెలుస్తుంది.

నన్నడిగితే గ్రావిటీ ఇచ్చే అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు ఆ పెద్ద పెరుగుదల కాదు, అంచులు. హారిజాంటల్ గ్రేడియెంట్ మ్యాపు, అంటే పక్కకు జరిగేకొద్దీ గ్రావిటీ ఎంత వేగంగా మారుతుందో చూపే మ్యాపు, వేయండి. గ్రేడియెంట్ గరిష్ఠంగా ఉన్న గీత కింద నిలువు భ్రంశం (ఫాల్ట్) గానీ, చొరబాటు అంచు గానీ ఉంటుంది. వేడినీళ్ళు నడిచేది పగుళ్ళలో, పగుళ్ళుండేది అంచుల్లో. పెరుగుదల నడిబొడ్డున బోరు వేస్తే వేడి దొరుకుతుంది, నీళ్ళు దొరక్కపోవచ్చు. పొడి వేడి బావితో టర్బైన్ తిరగదు.

ఆ అంచుల్లో ఏది బతికున్న పగులో, ఏది మూసుకుపోయిందో గ్రావిటీ చెప్పదు. దానికి మాగ్నెటోటెల్యూరిక్స్ కావాలి. 200 డిగ్రీల లోపు ఉండే స్మెక్టైట్ బంకమట్టి కరెంటుని బాగా పోనిస్తుంది, అది కింద వేడినీళ్ళున్న రిజర్వాయర్‌కి టోపీ. టోపీ గుమ్మటంలా పైకి లేచినచోట, దాని కిందే గ్రావిటీ అంచు ఉండి, సూక్ష్మ భూకంపాలు కూడా అక్కడే నమోదవుతుంటే, అప్పుడు బోరు గురించి మాట్లాడండి. మూడింటిలో ఒకటే చెబితే ఇంకొంచెం ఆగండి. బావికి కోట్ల ఖర్చు, సర్వేకి దానిలో చిన్న వాటా.

మన దక్కన్ బసాల్టులూ అగ్నిపర్వత శిలలే కదా, అక్కడెందుకు చేయకూడదు అని ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతారు. అవి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటివి, ఆ వేడి ఎప్పుడో పోయింది. మణుగూరు వేడినీళ్ళు గోదావరి లోయ అవక్షేపాల్లో లోతు నుంచి వచ్చేవి, అక్కడ గ్రావిటీతో వెతకాల్సింది అవక్షేపాలు నిండిన పల్లం (బేసిన్) లోతుని, భ్రంశాల్ని. మాగ్మాని కాదు.

కరెంటు మొదలయ్యాక

కరెంటు తీయడం మొదలయ్యాక గ్రావిటీ పని అయిపోలేదు. నిజానికి గ్రావిటీ ఒక్కటే చెప్పగలిగేది అప్పుడే మొదలవుతుంది: కింద నీళ్ళు ఎంత పోయాయి, ఎంత తిరిగొచ్చాయి. ఇక్కడ మిల్లీగాల్ కాదు, మైక్రోగాల్. అవే స్టేషన్లు, కాంక్రీటు దిమ్మెలు కట్టి, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ కొలవడం. టెర్రైన్, సాంద్రత తలనొప్పులు దాదాపు ఎగిరిపోతాయి, ఎందుకంటే తేడా మాత్రమే చూస్తాం. గాస్ సిద్ధాంతం వల్ల ఇంకో వరం: లోతు తెలియకపోయినా మొత్తం ద్రవ్యరాశి మార్పు లెక్కగట్టవచ్చు. చదరపు కిలోమీటరు మీద ఒక మైక్రోగాల్ తగ్గుదల అంటే సుమారు 24 వేల టన్నుల నష్టం. 10 చదరపు కిలోమీటర్ల మీద సగటున 100 మైక్రోగాల్ అయితే? 2 కోట్ల 40 లక్షల టన్నులు. బావుల మీటర్లు చూపించిన ఉత్పత్తి నుంచి దీన్ని తీసేయండి, మిగిలింది ప్రకృతి తిరిగి నింపింది, మనం తిరిగి పంపింది.

న్యూజిలాండ్‌లో వైరాకేయ్ 1958లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ పద్ధతి బాగా పదునెక్కింది అక్కడే. తొలి ఏళ్ళలో తీసినదానికి చాలా తక్కువే తిరిగొచ్చిందని, తర్వాత తర్వాత దాదాపు తీసినంతా పక్కల నుంచి వచ్చి నిండిందని గ్రావిటీయే చెప్పింది.

కానీ వైరాకేయ్‌లో నేల కుంగింది, ఒకచోట 15 మీటర్ల దాకా. నేల కుంగితే స్టేషన్ భూమి కేంద్రానికి దగ్గరవుతుంది, గ్రావిటీ పెరుగుతుంది. 15 మీటర్లకి ఎంత? 4.6 మిల్లీగాల్, అంటే 4,600 మైక్రోగాల్. కింద నీళ్ళు పోయినందుకు వచ్చే తగ్గుదల వందల మైక్రోగాల్‌లో ఉంటుంది. ప్రతిసారీ లెవెలింగ్ (నేల ఎత్తు మళ్ళీ కొలవడం) చేయకుండా గ్రావిటీ ఒక్కటే కొలిస్తే, నీళ్ళు పోతున్న క్షేత్రం బరువెక్కుతున్నట్టు కనపడుతుంది!

ఇంకొకటి, వాన. పైపొర భూగర్భ జలం ఒక మీటరు పెరిగితే, రంధ్రాలు 10 శాతం ఉన్న నేలలో 4 మైక్రోగాల్ వస్తుంది, 20 శాతమైతే 8. వానల ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలిచి తేడా తీస్తే ఆ తేడా రిజర్వాయర్‌ది కాదు, వానది. ఏటా అదే నెలలో కొలవండి, పక్కన ఉన్న మామూలు బావుల్లో నీటిమట్టం కూడా రాసుకోండి. బేస్ స్టేషన్‌ను క్షేత్రం బయట, గట్టి రాతి మీద పెట్టండి. క్షేత్రం లోపల సౌకర్యంగా గెస్ట్‌హౌస్ పక్కన పెట్టిన బేస్, క్షేత్రంతోపాటే మారుతూ ఉంటుంది, తేడాలన్నీ చిన్నవిగా కనపడతాయి. పదేళ్ళ తర్వాత ఆ సంగతి తెలిస్తే సరిచేయడానికి పాత కొలతలు ఉండవు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. నెటిల్టన్ ప్రొఫైల్ లెక్క ఎవరికైనా చేసి చూపించాలంటే బోర్డు దగ్గరికి రండి.